వారసత్వం ఎవరిది? ఖైరతాబాద్ నుంచి కొన్ని ప్రశ్నలు

పాత కట్టడాలను కాపాడాలన్న మాట స్త్రీల సంఘాల సమావేశాల్లో వినపడటం అరుదు. వరకట్న చావులు, కూలి రేట్లు, భూమి హక్కు, పనిచోట వేధింపులు, ఇవన్నీ ముందుంటాయి. ఉండాలి కూడా. అందుకే ఖైరతాబాద్, పంజాగుట్ట ప్రాంతంలోని చారిత్రక కట్టడాల గురించి మన పత్రికకు రాస్తానని చెప్పినప్పుడు ఒక మిత్రురాలు సూటిగా అడిగింది: "ఆ ప్యాలెస్‌లు మనవాళ్ల చెమటతో లేచినవి. అవి కూలితే మనకు పోయేదేముంది అక్కా?"

ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి జవాబు చెప్పకుండా "మన ఘన వారసత్వం" అంటూ ఉపన్యాసం మొదలుపెడితే అది ఎవరి వారసత్వమో తేల్చకుండానే జై కొట్టినట్టవుతుంది. కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. పాత కట్టడాన్ని నిలబెట్టమని అడగడం నవాబులకు మొక్కడం కాదు. నలుగురి సొత్తయిన స్థలాన్ని ఆ నలుగురినీ అడగకుండా నేలమట్టం చేసే అధికారం ఎవరికీ లేదని చెప్పడం. ఆ పోరాటం స్త్రీలది కూడా. ఎందుకంటే ఈ నగర చరిత్రలో మన వాటా ఇప్పటికే చెరిపేశారు. కట్టడం కూడా పోతే ఆ వాటా ఉండేదని చెప్పడానికి సాక్ష్యం కూడా మిగలదు.

పేర్లు మిగిలాయి, మనుషులు మాయమయ్యారు

ఖైరతాబాద్ బోర్డు పెట్టుకుని రోజూ ఎన్ని బస్సులు తిరుగుతాయో లెక్కలేదు. మెట్రోలో రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు పిలుస్తారో లెక్కలేదు. అది ఒక స్త్రీ పేరు మీద వెలసిన పేట అని ఎంతమందికి తెలుసు? కుతుబ్‌షాహీల ఆడపడుచు ఖైరతున్నీసా బేగం ఇక్కడ ఒక మసీదు కట్టించింది. ఆ మసీదు ఇప్పటికీ ఉంది. కట్టింది 1626లో అని చెబుతారు. సన్నని మీనార్లు, గచ్చుతో చేసిన నగిషీ పని, పక్కనే గుమ్మటంతో ఒక సమాధి మందిరం. ఆమెకు చదువు చెప్పిన గురువు అఖుంద్ ముల్లా అబ్దుల్ మాలిక్ కోసం ఇవన్నీ కట్టించిందనీ, ఆయన హజ్ యాత్రకు వెళ్లి అక్కడే చనిపోవడంతో సమాధి ఖాళీగా ఉండిపోయిందనీ అంటారు. ఒక ఆడపిల్ల చదువుకుంది, చదువు చెప్పిన గురువును తలచుకుని ఒక కట్టడం లేపింది, దాని చుట్టూ ఒక ఊరు వెలసింది. మన బడి పుస్తకాల్లో ఈ కథ మీకెప్పుడైనా కనపడిందా?

ఖైరతాబాద్ నుంచి కాస్త దక్షిణంగా నడిస్తే మాసాబ్ ట్యాంక్. మగవాడి పేరులా వినపడే ఈ మాట అసలు "మా సాహెబా" చెరువు. ఆ మా సాహెబా హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. చరిత్ర పుస్తకాలు ఆమెను ఎప్పుడూ ఇలా ముగ్గురు మగవాళ్ల మధ్య నిలబెట్టే పరిచయం చేస్తాయి. కొడుకు చిన్నతనంలో గద్దెనెక్కినప్పుడు రాజ్యం నడిపింది ఆమె. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాటలకు వెళ్లిందీ ఆమే. హయత్‌నగర్ ఆమె పేరే. అక్కడి మసీదు ఆమె కట్టించిందే. మాసాబ్ ట్యాంక్‌లో చెరువు ఇప్పుడు లేదు, ఆ చోట పార్కు ఉంది. పేరులోని "మా" పక్క అక్షరాలతో కలిసిపోయి కనపడకుండా పోయింది. చెరువు పూడ్చినట్టే స్త్రీనీ పూడ్చేశారు.

ఉత్తరాన బేగంపేట. నిజాం ఇంటి ఆడపిల్ల బషీరున్నీసా బేగంకు పెళ్లిలో ఇచ్చిన భూమి కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. భూమి ఆమెదే అయినా, పేరులో మాత్రం బేగం అన్న హోదా ఒక్కటే మిగిలింది. ఆమె అసలు పేరు పోయింది.

ఇటు రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే రఫతున్నీసా అనే పరిచారిక 1949లో కాన్పులో చనిపోయింది. ఆ బాధే ఆసుపత్రికి కారణమైందని చెబుతారు. 1953లో ఆసుపత్రి మొదలైంది. ఈ డెబ్బై ఏళ్లలో లక్షలమంది తల్లులు, పిల్లలు ఆ గుమ్మం తొక్కారు. ఆసుపత్రికి రాకుమారి పేరు పెట్టారు, మంచిదే. ఆ ఆసుపత్రి పుట్టుకకు ప్రాణం ఇచ్చిన పనిమనిషి పేరు ఎక్కడ? కాన్పు చావుల మీద మనం ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాం. రఫతున్నీసా కథ మన కరపత్రాల్లో ఉండవలసిన కథ.

ఇలా పేర్లు వెతుకుతూ పోతే తెలిసేదేమిటి? కట్టించే దాతగా స్త్రీ ఉంటే సమాజానికి అభ్యంతరం లేదు. డబ్బిస్తే పుచ్చుకుంటుంది. ఆ కట్టడం బాగోగులు చూసే కమిటీలో కూర్చుంటానంటేనే అభ్యంతరాలన్నీ మొదలవుతాయి. ఇది ఏ ఒక్క మతానికో చెందిన సంగతి కాదు.

ప్యాలెస్‌లో పని ఎవరు చేశారు?

మిత్రురాలి ప్రశ్నకు తిరిగి వస్తాను. ఆమె మాట రాణుల గురించి కాదు, చెమట గురించి.

పంజాగుట్ట దగ్గర గుట్ట మీద ఎర్రమంజిల్ ఉంది. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన దేవిడీ. నూటయాభైకి పైగా గదులు. పారసీలో "ఇరం" అంటే స్వర్గవనం. ఆ గుట్టను తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లు కాబట్టి, రెండు భాషలకూ సరిపడేలా నవాబు ఆ పేరు పెట్టాడని చెబుతారు. ఆ తర్వాత ఆ భవనం ప్రభుత్వం చేతికి వచ్చింది. చాలాకాలం ఇంజినీర్ల కార్యాలయాలు నడిచాయి. ఇప్పుడు మెట్రో స్టేషన్ పేరు కూడా ఎర్రమంజిలే.

నూటయాభై గదులున్న ఇంట్లో నూటయాభై గదులు ఊడ్చేవాళ్లు ఉంటారు. వండేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, పిల్లలకు పాలిచ్చే దాయీలు ఉంటారు. పరదా చాటున ఉన్న బేగంలకు బయటి ప్రపంచాన్ని తెచ్చిపెట్టేవాళ్లు ఉంటారు. తెలంగాణ పల్లెల్లో దొరల గడీల సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. దొరసాని వెంట కట్నంతో పాటు పంపే ఆడబాపలు, వెట్టి చేసే చాకలి, మంగలి, మాదిగ స్త్రీలు. ఆ గోడల లోపల జరిగిన అత్యాచారాలకు ఏ రికార్డూ లేదు. గోడలే ఉన్నాయి.

అందుకే గోడలు ఉండాలంటున్నాను. బాధను గుర్తుపెట్టుకోవడానికి కూడా ఒక చోటు కావాలి. 1986లో స్త్రీ శక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకం తెచ్చినప్పుడు సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తమ కథ చెప్పారు. అంతకు ముందు చరిత్రలో వాళ్లు లేరు. ఆ పుస్తకం మనకు ఒక పద్ధతి నేర్పింది. రాసి పెట్టినదే చరిత్ర కాదు, అడిగితే చెప్పేదీ చరిత్రే. పాత కట్టడం ముందు నిలబడి మనం అడగవలసింది "ఇది ఎవరు కట్టించారు" అని మాత్రమే కాదు. "రాళ్లు ఎవరు మోశారు, సున్నం ఎవరు నూరారు, పొయ్యి ఎవరు ఊదారు" అని కూడా అడగాలి. కట్టడాన్ని కూలగొడితే నవాబు పేరు ఎలాగూ పుస్తకాల్లో మిగులుతుంది. మిగలనిది వంటింటి చరిత్రే.

ఖైరతున్నీసా అంటే దాదాపు అదే పేరున్న మరో స్త్రీ గుర్తొస్తుంది. కోఠీలోని పాత రెసిడెన్సీ కథ ఆమెది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ భవనాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు యువతి ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె పరదా దాటి భవనం ముందు భాగం చూడలేదు కాబట్టి, తోటలో దాని నమూనా ఒకటి చిన్నదిగా కట్టించి చూపించాడని కథ. ఆమె ఉన్న జనానాను, రంగ్ మహల్‌ను, 1861లో అప్పటి రెసిడెంట్ కూలగొట్టించాడు. దొరల భవనం నిలిచింది, స్త్రీ ఉన్న ఇల్లు పోయింది. ఏది కాపాడదగిందో ఏది కాదో అధికారంలో ఉన్నవాడే నిర్ణయిస్తే జరిగేది ఇదే.

కానీ ఆ భవనం కథ అక్కడితో ఆగలేదు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఆ ఆవరణలోకి వచ్చింది. సామ్రాజ్యం దర్బారు జరిపిన హాలులో మన ఆడపిల్లలు చదువుకున్నారు. తరాలు గడిచాయి. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పాలకుర్తిలో తన పంటను తాను ఇంటికి చేర్చుకున్న ఐలమ్మ పేరు తెల్లదొరల భవనానికి వచ్చింది. కట్టడాన్ని కాపాడటం అంటే అందులోని పాత అధికారాన్ని కాపాడటం కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనపడదు. ఆ భవనాన్ని దొరల గుర్తు అని కూలగొట్టి ఉంటే ఐలమ్మ పేరు ఒక కొత్త గాజు బిల్డింగు మీద ఉండేది. ఆ విజయం ఇంత స్పష్టంగా కనపడేది కాదు.

అడగకుండా కూల్చే అధికారం

ఇప్పుడు చట్టం సంగతి. ఇది కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాను. మన హక్కు ఉన్నది ఇక్కడే.

1995 డిసెంబర్‌లో హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. హైదరాబాదులోని చారిత్రక కట్టడాలకు ఒక జాబితా ఉండాలి, ఆ జాబితాలోని కట్టడాన్ని మార్చాలన్నా కూల్చాలన్నా ముందుగా అనుమతి కావాలి, నిపుణులున్న ఒక కమిటీని సంప్రదించాలి, జాబితా ఖరారు చేసే ముందు ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. దాని సారాంశం ఇది. 1998 మార్చిలో వచ్చిన జాబితాలో 137 కట్టడాలు ఉన్నాయి. ఎర్రమంజిల్, ఖైరతాబాద్ మసీదు అందులోవే. లోపాలు లేవని కాదు. జాబితా కట్టడాన్ని లెక్కపెట్టింది కానీ మనుషుల్ని లెక్కపెట్టలేదు. అయినా ఒక తలుపు ఉండేది. తట్టడానికి తలుపు ఉండటం చిన్న విషయం కాదు.

2015 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్ 18న ఎర్రమంజిల్ కూల్చి ఆ స్థలంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. జూన్ 27న శంకుస్థాపన కూడా అయిపోయింది. మధ్యలో తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల్లో ఖైరతాబాద్‌లో ఎవరినైనా అడిగారా? చింతల్‌బస్తీలో, ఎం.ఎస్. మక్తాలో ఒక సభ పెట్టారా? శాసనసభ అంటే ప్రజల సభ. ప్రజల సభకు ఇల్లు కట్టేటప్పుడు ప్రజల మాట అక్కర్లేకపోయింది.

కొందరు నగరవాసులు, కార్యకర్తలు, ఆ నవాబు వారసులు కోర్టుకు వెళ్లారు. పాత నిబంధన రద్దయింది కాబట్టి రక్షణ లేదని ప్రభుత్వం వాదించింది. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ భవనానికి అంతకు ముందు వచ్చిన రక్షణ పోలేదని, చట్టం చెప్పిన దారిలో వెళ్లకుండా నిర్ణయం చేశారని చెప్పింది. ఎర్రమంజిల్ నిలిచింది.

మరుసటి ఏడాది సచివాలయం వంతు. ఆ ఆవరణలో ఆరో నిజాం కాలంనాటి సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది. కేసులు వేశారు కానీ ఈసారి కోర్టు ఆపలేదు. 2020 జులైలో, కరోనాతో జనం ఇళ్లలో ఉన్నప్పుడు, చుట్టూ దారులు మూసి మొత్తం ఆవరణను నేలమట్టం చేశారు. పాత ప్యాలెస్ కూడా పోయింది. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ పేరు మీద నాకు గౌరవం ఉంది. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు ప్రజల్ని అడిగే పద్ధతిని కూడా ఆయన నుంచే నేర్చుకుని ఉంటే బాగుండేది.

ఒక కట్టడం నిలిచింది, ఒకటి పోయింది. రెండింటిలోనూ మనం గమనించవలసింది ఒకటే. ఇది ఇటుకలూ సున్నం గొడవ కాదు. నోటీసు ఇవ్వాలా వద్దా, మాట వినాలా వద్దా అన్న గొడవ. బస్తీల్లో పనిచేసే మనకు ఈ గొడవ కొత్త కాదు. గుడిసెలు పీకేయడానికి పొద్దున్నే బుల్డోజర్ వచ్చినప్పుడు మనం మొదట అడిగేది ఏమిటి? "నోటీసు ఏది?" 1985లో బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. తీసేయాలన్నా ముందు నోటీసు ఇవ్వడం, వాళ్ల మాట వినడం ముఖ్యమని చెప్పింది. ఆ కేసుకు పేరుగా నిలిచిన ఓల్గా టెలిస్ ఒక పాత్రికేయురాలు. గుడిసెకూ ప్యాలెస్‌కూ ఆస్తిలో పోలిక లేదు. కానీ అడగకుండా కూల్చే చెయ్యి ఒకటే. ఎర్రమంజిల్ విషయంలో ఆ చెయ్యి పట్టుకుని ఆపగలిగితే అది రేపు బస్తీలో మనకు పనికొస్తుంది. నవాబు ఇంటికే నోటీసు అక్కర్లేదంటే గుడిసెకు నోటీసు ఎవడిస్తాడు?

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. వారసత్వం పేరుతో పేదల్ని వెళ్లగొట్టడం కూడా మనం చూశాం. చార్మినార్ చుట్టూ "అందంగా" చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా మొదటి దెబ్బ తగిలేది బండ్లవాళ్లకే. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. ఇరుకు గదుల్లో నిప్పుల కుంపటి ముందు కూర్చుని ఆ గాజులు చేసే స్త్రీలకు దక్కే కూలి ఎంతో కూడా ఆ గుర్తింపు పత్రంలో రాయాలి. స్మారకాన్ని కాపాడటం కోసం దాని నీడన బతికేవాళ్లను తరిమేస్తే ఆ కాపుదల మనకు వద్దు.

వేరే చోట ఏం జరిగింది?

మనం పోల్చి చూసుకోవడానికి అమెరికా ఉదాహరణ ఒకటి చెబుతాను. అక్కడ పాత కట్టడాల రక్షణను ఉద్యమంగా మొదలుపెట్టింది స్త్రీలే. జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ శిథిలమవుతుంటే 1853లో ఆన్ పమేలా కన్నింగ్‌హమ్ అనే ఆమె స్త్రీలను కూడగట్టింది. వాళ్ల సంఘం చందాలు పోగుచేసి 1858లో ఆ ఇంటిని కొన్నది. వాళ్లకు అప్పుడు ఓటు లేదు. ఇల్లు కాపాడగలిగారు. కానీ ఆ ఇంట్లో బానిసలుగా బతికిన నల్లజాతి స్త్రీ పురుషుల కథ సందర్శకులకు సరిగా చెప్పడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది. స్త్రీలు ముందున్నంత మాత్రాన కథ సంపూర్ణం కాదు. ఏ స్త్రీలు ముందున్నారన్నది కూడా ముఖ్యం.

1966లో అక్కడ జాతీయ చట్టం వచ్చాక మారుమూల కౌంటీల్లో కూడా కోర్టు భవనం, చర్చి, వంతెన, ఒంటిగది బడి, రైతు ఇల్లు వంటివి జాతీయ జాబితాకు ఎక్కాయి. వాటిలో నన్ను ఆకట్టుకున్నవి రోజెన్‌వాల్డ్ బడులు. 1912 నుంచి 1932 దాకా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 బడులు లేచాయి. దాత ఇచ్చింది కొంత. మిగతా డబ్బూ, శ్రమా ఆ ఊళ్ల నల్లజాతి ప్రజలవి. చాలా బడులు పాడుబడ్డాయి. 2002లో వాటిని ప్రమాదంలో ఉన్న కట్టడాలుగా ప్రకటించాక పూర్వ విద్యార్థులు ఊరూరా కదిలారు. రాజభవనం కాదు, పెంకుటి బడి. అదీ స్మారకమే అని వాళ్లు దేశంతో ఒప్పించారు.

మన జాబితా మనమే రాయాలి

మనకు అలాంటివి లేవా? నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో మొదలుపెట్టిన ఆడపిల్లల తెలుగు బడి ఉంది. నిజాం రాజ్యంలో తెలుగులో ఆడపిల్లకు చదువు చెప్పడమే ఒక పోరాటం. నాంపల్లిలో సరోజినీ నాయుడు పెరిగిన ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. ఇవి తెలిసినవి. తెలియనివి ఇంకా ఎక్కువ.

బల్కంపేట ఎల్లమ్మ గుడి చూడండి. అమీర్‌పేట పక్కనే. అమ్మవారు బావిలో వెలసింది. ఇప్పటికీ విగ్రహం నేలమట్టానికి కిందే ఉంటుంది. ఆషాఢంలో బోనాలెత్తుకుని వచ్చేది ఎవరు? పొద్దున ఇళ్లలో అంట్లు తోమి, మధ్యాహ్నం కూలికి పోయే స్త్రీలు. బోనాలను 2014లో రాష్ట్ర పండుగ చేశారు. బోనం మోసే స్త్రీకి ఆ గుడి చరిత్ర చెప్పమని ఎవరైనా అడిగారా? ఆమె తల్లి, అమ్మమ్మ ఏ దారిన వచ్చేవాళ్లు, అప్పుడు అక్కడ పొలాలుండేవా, బావి నీళ్లు ఎవరెవరిని తోడుకోనిచ్చేవాళ్లు, ఎవరిని దూరం పెట్టేవాళ్లు? ఇవి ఏ పురావస్తు నివేదికకూ అందని సంగతులు. ఆ స్త్రీలకు తెలుసు. ఆ తరం వెళ్లిపోతోంది.

అమీర్‌పేటలో మరో రకం చరిత్ర కూడా తయారవుతోంది. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సులు, పోటీ పరీక్షల కోచింగులు మొదలైనప్పటి నుంచి జిల్లాల ఆడపిల్లలు వేలమంది ఇక్కడి లేడీస్ హాస్టళ్లకు వచ్చారు. ఒక గదిలో నలుగురైదుగురు. కప్‌బోర్డు ఒకరిది, కిటికీ ఒకరిది. పెళ్లికి ముందు ఇల్లు దాటిన మొదటి ఆడపిల్ల తానేనని చెప్పేవాళ్లు వాళ్లలో ఎంతోమంది. మన తర్వాతి తరం స్త్రీ చరిత్ర రాసేటప్పుడు ఈ ఇరుకు హాస్టళ్లు కూడా స్మారకాలే. అందమైన మీనార్లు లేకపోవచ్చు. ఒక తరం ఆడపిల్లలు తమ కాళ్ల మీద నిలబడటం నేర్చుకున్న చోట్లు అవి.

అయితే ఏం చేయాలి? వారసత్వం మీద పనిచేసే సంస్థలు నగరంలో ఉన్నాయి. వాళ్లకు భవనాల గురించి మనకంటే ఎక్కువ తెలుసు. బస్తీల గురించి మనకు వాళ్లకంటే ఎక్కువ తెలుసు. ఇద్దరం కలవాలి. నా సూచనలు ఇవి.

మొదటిది, జాబితా. ప్రతి సంఘం తన వార్డులో స్త్రీలు కట్టించినవి, స్త్రీలు పనిచేసినవి, స్త్రీలు పోరాడినవి, స్త్రీలు చదువుకున్నవి రాసుకోవాలి. బావి, బీడీ కార్ఖానా, బడి, కాన్పుల ఆసుపత్రి, ధర్నా జరిగిన చౌరస్తా, ఏదైనా సరే. పెద్దవాళ్లతో మాట్లాడి వాళ్ల మాటల్లోనే రికార్డు చేయాలి. చదువురాని వాళ్లే ఇందులో మన పెద్ద పుస్తకం.

రెండోది, బోర్డు. కట్టడం ముందు పెట్టే బోర్డులో రాజు పేరు, సంవత్సరం మాత్రమే కాదు, స్త్రీ పేరు తెలిస్తే అదీ ఉండాలి. తెలియకపోతే శ్రమ చేసినవాళ్లను తలచుకునే ఒక్క వాక్యమైనా ఉండాలి. తెలుగులో, ఉర్దూలో ఉండాలి.

మూడోది, కమిటీ. వారసత్వ కట్టడాల మీద సలహా ఇచ్చే ఏ కమిటీలోనైనా సగం స్త్రీలుండాలి. వాళ్లలో బస్తీ స్త్రీ, కూలి స్త్రీ ఉండాలి. నగరపాలక సంస్థలో సగం వార్డులు స్త్రీలకేనని 2020లో చట్టం చేసుకున్నాం. వార్డుకు సగం పనికొచ్చిన స్త్రీలు వారసత్వానికి పనికిరారా?

నాలుగోది, నోటీసు. జాబితాలోంచి ఏ కట్టడాన్ని తీసేయాలన్నా, కూల్చాలన్నా ఆ వార్డులో బహిరంగ విచారణ జరగాలి. తేదీ, చోటు ముందుగా దండోరా వేసినట్టు అందరికీ తెలియాలి. ఆడవాళ్లు రాగల వేళలో జరగాలి. పొద్దున పదకొండు గంటలకు పెట్టిన విచారణకు ఇళ్లలో పనిచేసే స్త్రీ రాలేదు.

అయిదోది, వాడకం. కూల్చకుండా ఆపడంతో పని అయిపోదు. తాళం వేసిన భవనం మెల్లగా తనంతట తానే కూలుతుంది. అప్పుడు ఎవరి మీదా నేరం ఉండదు. ఎర్రమంజిల్ లాంటి భవనాల్లో స్త్రీల గ్రంథాలయం, న్యాయ సలహా కేంద్రం, పనిచేసే తల్లుల పిల్లలకు క్రెష్, జిల్లాల నుంచి వచ్చే ఆడపిల్లలకు వసతి ఎందుకు ఉండకూడదు? కోఠీ రెసిడెన్సీలో ఆడపిల్లలు చదువుకోగలిగినప్పుడు పంజాగుట్ట గుట్ట మీద ఎందుకు చదువుకోలేరు?

ఆరోది, పని. పాత కట్టడాల మరమ్మతుకు సిమెంటు పనికిరాదు, సున్నం కావాలి. సున్నం పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయని అందరూ అంటున్నారు. పనిచోటికి వెళ్లి చూడండి. మేస్త్రీ మగవాడు, తట్ట మోసేది ఆడది. ఏళ్ల తరబడి మోసినా ఆమె ఆడకూలీయే, తాపీ ఆమె చేతికి రాదు. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం 1976లోనే వచ్చింది. సమాన పని ఇవ్వకుండా ఆ చట్టాన్ని తప్పించుకున్నారు. వారసత్వ పనుల్లో ప్రభుత్వ డబ్బు ఖర్చయ్యే ప్రతి చోటా స్త్రీలకు సున్నం పనిలో శిక్షణ, మేస్త్రీ కూలి ఇవ్వాలని మనం అడగాలి.

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యేవి కావు. మొదటి పని మాత్రం రేపే మొదలుపెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ వార్డులో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్క కట్టడం ఎంచుకోండి. దాని చుట్టుపక్కల బతికే పెద్దావిడలను కలవండి. వాళ్లు చెప్పింది రాసి మన పత్రికకు పంపండి. తర్వాతి సంచికల్లో వాటిని వరసగా వేద్దాం. రేపు మరో మంత్రివర్గం మరో కట్టడం మీద వేలు పెట్టినప్పుడు "ఇక్కడ ఎవరిదీ ఏమీ లేదు" అని అననివ్వకుండా మన చేతిలో ఒక కాగితం ఉండాలి.